రెండో సైరన్

మా చిన్నాన్న ముప్పై ఒక్క ఏళ్లపాటు, ఏడాదికోసారి, ఊరందరి నోళ్లూ మూయించాడు. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో మాత్రం ఆయన ఒక్కసారీ చూడలేదు. చూసిన రోజున ఆయనకు ఊపిరాడలేదు, మా నాన్న ప్రాణం మీదికి వచ్చింది, మా ఇంటి మగవాళ్ల మీద నాకు వచ్చిన కోపం ఇంతవరకూ చల్లారలేదు. చల్లారేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

చిన్నాన్న ఊరి నీళ్ల పంపుహౌస్‌లో ఆపరేటరు. ఆ గది నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. రెండు పెద్ద మోటార్లు, రెండు చేతులా పట్టి ఒళ్లంతా వంచితే తప్ప తిరగని వాల్వు చక్రం, కిటికీలో గ్రీజు డబ్బా, గోడకు గడియారం, దాని కింద ఒక చెక్క కుర్చీ. మోటార్ల రొదలో మామూలు మాట వినపడదు కాబట్టి ఆయన ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. పిన్ని మొహం చిట్లించి, "నేను మోటారును కాను, పక్కనే ఉన్నాను" అనేది. ఆయన నవ్వి గొంతు తగ్గించేవాడు. రెండు మాటలయ్యేసరికి అది మళ్లీ మొదటికొచ్చేది.

పంపుహౌస్ కప్పు మీద సైరన్ ఉంది. ఒకప్పుడు మిల్లు షిఫ్టులకు మోగేది. మిల్లు మూతపడ్డాక దానికి మిగిలింది ఏడాదికి ఒక్క రోజు, ఆ రోజున రెండు కూతలు. సైనికుల స్మారక దినాన ఉదయం పదకొండింటికి మొదటి సైరన్ మోగుతుంది. అది ఆగగానే ఊళ్లో ఎవరు ఎక్కడున్నా అక్కడే నిలబడతారు, యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం, ఇప్పుడు సరిహద్దుల్లో కాపలా కాస్తున్నవాళ్ల కోసం. రెండు నిమిషాలయ్యాక రెండో సైరన్ మోగుతుంది. అప్పుడు కదులుతారు.

ఈ రెండు కూతలకు చిన్నాన్న పడే హడావుడి ఆడపెళ్లివారు కూడా పడరు. ముందురోజు నిచ్చెన వేసుకుని కప్పు మీదికెక్కి, సైరన్ మీది రేకు మూత తీసి, పావురాలు పెట్టిన పుల్లా పుడకా అంతా ఏరి పారేసి, బేరింగులకు గ్రీజు పూసి, రెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి చూసుకునేవాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గదిలోకి ఇంకెవరినీ రానివ్వకుండా తలుపేసుకునేవాడు. ఊరంతా ఊరుకుంటే నా మోటార్లు వాగడమేమిటని ఆ కాసేపు నీళ్లు కూడా ఆపేసేవాడు. రెండు నిమిషాల లెక్కలోనూ ఆయనకో పద్ధతి ఉంది. మొదటి సైరన్ ఆపిన క్షణం నుంచి లెక్కపెట్టడు. రెక్క తిరగడం మానేసి, దాని మూలుగు చివరి పిసరు కూడా అణిగాక గడియారం వంక చూస్తాడు. అక్కడినుంచి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ అటెన్షన్‌లో, పచ్చ బటన్‌కు అంగుళం దూరంలో వేలు పెట్టుకుని, ఒక్కడే నిలబడి ఉండేవాడట. పిన్ని ఒకసారి కిటికీలోంచి చూసి నాకు చెప్పింది. చెబుతూ నవ్వబోయి ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో నాకు తెలుసు. చిన్నాన్న సైన్యంలో చేరాలని నాలుగుసార్లు ఎంపికకు వెళ్లాడు. నాలుగుసార్లూ పరుగులో ముందే వచ్చాడు. నాలుగుసార్లూ ఛాతీ కొలిచే టేపు దగ్గర ఆగిపోయాడు, అర అంగుళం తక్కువ. నాలుగోసారి ఆ కొలిచే మనిషి జాలిపడి, ఊపిరి ఇంకాస్త బిగపట్టవయ్యా అన్నాడట. బిగపట్టి బిగపట్టి కళ్లు తిరిగి పడిపోయాడు కానీ ఆ అర అంగుళం రాలేదు. ఆ మర్నాటినుంచి ఆ మాట ఎత్తలేదు. పంపుహౌస్‌లో చేరాడు.

మా నాన్న మొదటిసారికే ఎంపికయ్యాడు. నాన్నకూ చిన్నాన్నకూ పన్నెండేళ్ల తేడా, మధ్యలో ఇద్దరు అత్తలు. నాన్న ఇరవై నాలుగేళ్లు సైన్యంలో పనిచేసి, రెండు యుద్ధాలు చూసి, మోకాల్లో ఇనుప కడ్డీతో, చొక్కాకు సరిపడా పతకాలతో తిరిగొచ్చాడు. తమ్ముణ్ణి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అదే నాకు ఒళ్లు మండే సంగతి. తిడితే అదొక లెక్క. ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వస్తే, "మా తమ్ముడు. పంపుహౌస్" అని ఊరుకునేవాడు. చిన్నాన్న ప్రతి ఏడూ కార్యక్రమం కాగానే తిన్నగా మా ఇంటికి వచ్చి, ఎలా ఉందన్నయ్యా అని అడిగేవాడు. నాన్న పేపరులోంచి తలెత్తకుండా, మూడు సెకన్లు ఆలస్యం అనేవాడు. ఒక్కో ఏడు నాలుగు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా బాగుంది అన్న పాపాన పోలేదు. చిన్నాన్న తల ఊపి, వచ్చే ఏడు చూసుకుంటానని కాఫీ తాగి వెళ్లిపోయేవాడు.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది ఎవరూ నమ్మరు. చాలా ఏళ్ల కిందట ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఒకాయన నిశ్శబ్దం సగంలో ఉండగానే తొందరపడి మైకు పట్టుకున్నాడు. మాజీ సైనికులు ఒక్కరూ ఆయన వంక చూడలేదు. కళ్లు తిప్పకుండా, చప్పట్లు కొట్టకుండా, ఆయన వాగ్ధాటి నడుస్తున్నంతసేపూ రెండో సైరన్ కోసం నిలబడే ఉన్నారు. మోగాక కూర్చున్నారు. ఆయన చెమటలు కక్కుకుంటూ దిగిపోయాడు. అప్పటినుంచీ నిశ్శబ్దాన్ని ముగించేది సైరనే తప్ప మనిషి కాదన్నది మా ఊళ్లో రాయని చట్టం. ఊరికి అదొక గొప్ప. నేనూ చిన్నప్పుడు స్నేహితుల దగ్గర ఆ గొప్ప చెప్పుకున్నదాన్నే.

మైదానంలో ఏర్పాటు కూడా ప్రతి ఏడూ ఒకటే. నడుమ రాతి స్తంభం, దాని మీద పోయినవాళ్ల పేర్లు. స్తంభానికి ఒక పక్క మాజీ సైనికుల కుర్చీలు. ఎదురుగా పది అడుగుల పచ్చిక వదిలి, ప్రస్తుతం సైన్యంలో ఉన్నవాళ్లు నలభై మంది, ముందు వాళ్ల అధికారి. వీళ్ల కళ్లు వాళ్ల మీద, వాళ్ల కళ్లు వీళ్ల మీద. మధ్యలో పచ్చిక మీద ఎవరూ కాలు పెట్టరు. రెండో సైరన్ మోగగానే యూనిఫాంలో ఉన్నవాళ్లు పెద్దవాళ్లకు సెల్యూట్ చేస్తారు. అది అందుకున్నాక పెద్దవాళ్లు కూర్చుంటారు.

ఈ ఏడు నాన్నను పంపడం డాక్టరుకు ససేమిరా ఇష్టం లేదు. నాన్న గుండె సగం పనే చేస్తోంది. నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను, ఆ రిపోర్టులు నా చేతిమీదుగానే వస్తాయి, కాబట్టి నన్ను మభ్యపెట్టడం కుదరదు. నాన్న మాత్రం వెళ్లి తీరతానని భీష్మించుకున్నాడు. ఆ వరుసలో తనతో పనిచేసినవాళ్లు ఏడాదికొకరు తగ్గిపోతున్నారు, ఈసారి పంతొమ్మిది మందే మిగిలారు, నేను పడుకుంటే పద్దెనిమిది అవుతుంది అన్నాడు. చివరికి డాక్టరు ఒక బేరం కుదిర్చాడు. మొదటినుంచి చివరిదాకా కుర్చీలోనే, ఆ రెండు నిమిషాలు తప్ప. రెండు నిమిషాలు దాటితే ఆ గుండెకు ఆయన పూచీ లేదు.

ముందురోజు సాయంత్రం నేను చిన్నాన్న ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పాను. ఆయన గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ విన్నాడు. మూలుగు అణిగాక లెక్కపెట్టే పద్ధతి ఈసారికి మానేస్తానన్నాడు. సైరన్ ఆపిన క్షణం నుంచే లెక్క, సరిగ్గా నూట ఇరవై సెకన్లు, నూట ఇరవై ఒకటి కానివ్వను, నువ్వు నిశ్చింతగా ఉండు అమ్మలూ అన్నాడు. ముప్పై ఏళ్ల పద్ధతి ఆయన అంత తేలిగ్గా వదులుకుంటాడని నేననుకోలేదు.

మర్నాడు ఎండ బాగా కాసింది. నాన్నను కారులో తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నేను నిలబడ్డాను. నాలుక కింద పెట్టే మాత్రలు గుప్పిట్లో ఉన్నాయి. నాన్న పక్కన సైన్యంలో వంటచేసినాయన ఉన్నాడు, అందరూ వంటాయన అనే పిలుస్తారు. ఎదురుగా నలభై మందికి ముందు ఒక మేజర్, ముప్పై దాటాయో లేదో. వేదిక మీద సభ నడిపించే టీచరమ్మ, కమిటీ కార్యదర్శి. కార్యదర్శి మైకులో అందరినీ ఫోన్లు ఆపేయమన్నాడు, సైలెంటులో పెట్టడం కాదు, పూర్తిగా ఆపేయాలని రెండుసార్లు చెప్పాడు. నేనూ ఆపాను.

పదకొండుకు సైరన్ లేచింది. పంపుహౌస్ అక్కడికి అరమైలు దూరం, అయినా ఆ కూత మన పక్కటెముకల్లోంచి పుట్టినట్టే ఉంటుంది. నాన్న కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. చేతికర్రను కుర్చీకి ఆనించి వదిలేశాడు. కర్రతో నిలబడితే అది అటెన్షన్ కాదట. సైరన్ దిగి ఆగింది. నేను వాచీ చూసుకున్నాను.

మొదటి నిమిషం బాగానే గడిచింది. రెండో నిమిషంలో నాన్న మెడ వెనక చెమట పట్టింది. నూట పది, నూట పదిహేను అని నేను మనసులో లెక్కపెడుతున్నాను. నూట ఇరవై అయింది. సైరన్ రాలేదు. సరేలే, చిన్నాన్న పాత అలవాటు కొద్దీ మూలుగు అణిగాక లెక్కపెడుతున్నాడేమో, ఇంకో పదిహేను సెకన్లు అనుకుని, లోపల ఆయన్ను తిట్టుకున్నాను. పదిహేను గడిచాయి, ముప్పై గడిచాయి. మూడు నిమిషాలూ అయిపోయాయి.

అక్కడేం జరిగిందో చిన్నాన్న తర్వాత నాకు చెప్పాడు. ఆయన నూట ఇరవైకి సరిగ్గా పచ్చ బటన్ నొక్కాడు. సైరన్ తిరగలేదు, ఊరికే మూలిగింది. అలా మూలిగితే మూడు ఫేజుల్లో ఒకటి పోయిందని అర్థం, ఇంకాస్త ఉంచితే మోటారు వైండింగు కాలిపోతుంది. వెంటనే ఎర్ర బటన్ నొక్కి ఫ్యూజులు లాగి చూశాడు. మూడూ బాగున్నాయి. టెస్టరు పెడితే ఒకదానిలో వెలగలేదు. కరెంటు బయట స్తంభం దగ్గరే పోయింది, ఆయన చేతిలో ఏమీ లేదు. నిచ్చెనెక్కి రెక్కను చేత్తో బలంకొద్దీ తిప్పాడు. ఫ్యాను తిరిగినంత చప్పుడు వచ్చింది. దిగి కార్యదర్శికి ఫోను చేశాడు, టీచరమ్మకు చేశాడు, నాకు చేశాడు. అన్నీ ఆపేసి ఉన్నాయి. పొద్దున పిన్ని స్కూటరు మీద దింపి వెళ్లిపోయింది, బండీ లేదు. అప్పటికి మూడు నిమిషాలు దాటింది. యాభై అయిదేళ్ల మనిషి, పరుగు మొదలుపెట్టాడు.

మైదానంలో నాలుగో నిమిషం నడుస్తోంది. కార్యదర్శి మైకు దగ్గరికి ఒక అడుగు వేసి, దాన్ని వేలితో తట్టాడు. అదీ పలకలేదు. ఆయన మొహం పాలిపోయింది. మైకు లేకుండా నోటితో అరిచి ఆపుదామా అంటే పాతరోజుల పెద్దమనిషి సంగతి ఆయనకూ తెలుసు. మెల్లగా వేదిక వెనక్కి దిగి ఎలక్ట్రీషియన్ను వెతుక్కుంటూ పోయాడు. టీచరమ్మ రెండు చేతులూ కట్టుకుని నేల చూసింది.

అసలు తిరకాసు ఆ పది అడుగుల పచ్చిక దగ్గర పడింది. మేజర్‌కు వాచీ లేక కాదు, నాలుగు నిమిషాలయిందని తెలియక కాదు. పెద్దవాళ్లు నిలబడి ఉంటే నేనెలా కదులుతానండీ అని తర్వాత నాతో అన్నాడు. మా వరుసలోవాళ్లూ మందబుద్ధులు కారు. యూనిఫాం వేసుకున్న పిల్లలు నిలబడి ఉంటే మేం కూర్చుంటామా అన్నాడు వంటాయన. వాళ్లు వీళ్లను చూసి నిలబడ్డారు, వీళ్లు వాళ్లను చూసి నిలబడ్డారు. ఒకరి మీద ఒకరికి ఉన్న మర్యాద మా నాన్న ప్రాణం తీసేలా ఉంది. వెనక ఉన్న జనంలో కొందరు పిల్లల్ని చంకనెత్తుకున్నారు, కొందరు కాళ్లు మార్చుకున్నారు, కానీ ముందు వరుసలు అలా ఉంటే నోరు విప్పే ధైర్యం ఎవరికీ రాలేదు.

నేను నాన్న చెవి దగ్గరికి వంగి కూర్చోమన్నాను. వినపడనట్టు ఉన్నాడు. చిన్నాన్న దగ్గర ఏదో పాడైంది, రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి, కూర్చో నాన్నా అన్నాను. కుర్చీని ముందుకు జరిపి ఆయన మోకాళ్ల వెనకకు ఆనించాను. అది తగలగానే ఇంకాస్త బిగుసుకున్నాడు. ఆయన ఎడమ చెయ్యి వణుకుతోంది. దాన్ని తొడకు అదిమిపెట్టి వణుకు దాచుకుంటున్నాడు. పెదవుల చుట్టూ రంగు మారడం మొదలైంది. ఆ రంగు నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆ రంగు చూస్తే స్ట్రెచర్ కోసం పరిగెడతాం.

మరి నువ్వేం చేస్తున్నావు అని అడుగుతారు. అడగండి, నేనూ నన్ను అదే అడుగుతున్నాను. గట్టిగా అరిచి ఉండాల్సింది. రెండు భుజాలూ పట్టి కిందికి లాగి ఉండాల్సింది. నేను ఆ ఇంట్లో పుట్టాను, ఆ సైరన్ మధ్యలో కదలకూడదని నడక రాకముందే నేర్చుకున్నాను, నా కాళ్లు కూడా నేలకు అతుక్కుపోయాయి. ఊరంతా చూస్తుండగా మా నాన్నను పరువు తీసి కూర్చోబెట్టడమా, నిలబెట్టి చంపుకోవడమా అన్నది ఆ ఎండలో నాకు తేలలేదు. ఆడవాళ్ల కోపం ఇంట్లో పనికొచ్చినట్టు మైదానంలో పనికిరాదని ఆ రోజు తెలిసి సిగ్గుపడ్డాను.

ఆ సమయానికి చిన్నాన్న బజారులో ఉన్నాడు. మొదట ఆయనకు అర్థం కాలేదట. మంగలి షాపు ముందు మంగలి కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు, లోపల సగం గడ్డం గీసిన మనిషి నురగతో అలాగే నిలబడి ఉన్నాడు. కూరల కొట్టు ఆవిడ తక్కెడ కింద పెట్టకుండా పట్టుకుని ఉంది. బస్సు ఆపి డ్రైవరు రోడ్డు మీద నిలబడ్డాడు, లోపల ప్రయాణికులు సీట్ల మధ్య లేచి నిలబడ్డారు. మైదానం దగ్గరపడేకొద్దీ జనం ఎక్కువయ్యారు, ఎవరూ కదలడం లేదు. ఒకళ్ల వంక ఒకళ్లు దొంగచూపులు చూసుకుంటున్నారు తప్ప ముందు నేనంటూ ఎవరూ మొదలుపెట్టడం లేదు. నడిరోడ్డు మీద చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తుతున్నది ఆయనొక్కడే. కొందరు మండిపడుతూ చూశారు. ఒక ముసలాయన వేలు చూపించాడు. చిన్నాన్న ఆ చప్పుడు భరించలేక చెప్పులు వదిలేసి వట్టికాళ్లతో పరిగెత్తాడు.

"ఇంతమంది నిలబడతారని నాకు తెలీదు అమ్మలూ" అన్నాడు నాతో. "గదిలో బటన్ నొక్కుతాను, మళ్లీ నొక్కుతాను, అంతే కదా. నా మాట మీద ఇంతమంది నిలబడ్డారని అప్పుడే చూశాను. చూసి భయమేసింది."

మైదానం దగ్గర తాడు కట్టి ఒక పోలీసు ఉన్నాడు. అతను నిశ్శబ్దంలో ఉన్నాడు కాబట్టి నోరు తెరవకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. చిన్నాన్న కూడా నిశ్శబ్దం చెడగొట్టడం ఇష్టం లేక నోరు తెరవలేదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి సైగలు చేసుకున్నారు. చిన్నాన్న వేలు గిరగిరా తిప్పి పంపుహౌస్ వైపు చూపించాడు. పోలీసు ఈయనకు మతి చలించిందనుకుని తల అడ్డంగా ఊపాడు. ఇంకోచోట అయితే నవ్వుకుని చచ్చేదాన్ని. చివరికి చిన్నాన్న వంగి తాడు కిందుగా దూరాడు.

అప్పటికి తొమ్మిదో నిమిషం. నాన్న మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. ముప్పై లెక్కపెడతాను, ముప్పై కాగానే ఏమైనా కానీ నడుం పట్టి లాగేస్తాను అని నిశ్చయించుకుని లెక్క మొదలుపెట్టాను. పంతొమ్మిది దగ్గర చిన్నాన్న కనిపించాడు. జనంలోంచి వచ్చి, ఎవరూ కాలు పెట్టని పచ్చిక మీదికి మట్టికాళ్లతో వచ్చి, ఇటు పంతొమ్మిది మందికీ అటు నలభై మందికీ నడుమ నిలబడ్డాడు. నిలబడ్డాడని ఎలా అనను, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగిపోయాడు. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఊపిరి తీసుకుంటుంటే ఈలలాగా చప్పుడు వస్తోంది, మాట రావడం లేదు.

తలెత్తి నాన్నను చూశాడు. ఆ రంగు ఆయనకూ అర్థమైంది.

"అన్నయ్యా, కరెంటు పోయింది. అయిపోయింది, కూర్చో" అన్నాడు. ఆ గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. నాన్న కళ్లు ఆయన తల మీదుగా మేజర్ మీదే ఉన్నాయి. సైరన్ కాదు కదా అది, తమ్ముడు.

చిన్నాన్న మొహంలో అప్పుడు ఏం మారిందో నేను చెప్పలేను. వంగినవాడు నిటారుగా లేచాడు. రెండు మడమలూ దగ్గరికి తెచ్చాడు. టేపుకు చాలని ఆ ఛాతీ నిండా గాలి పీల్చి, మోటార్ల గదిలో ముప్పై ఏళ్లు అరిచిన గొంతుతో, బళ్లో డ్రిల్లు మాస్టారి దగ్గర మేమందరం విన్న మాటే, అరిచాడు.

"స్టాండెటీజ్."

మైదానం ఆ చివర గోడకు తగిలి ఆ మాట తిరిగొచ్చింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత మేజర్ బూటు ఎడంగా పడింది. దాని వెనక నలభై బూట్లు ఒక్కసారిగా పడ్డాయి. ఇటు వైపు వంటాయన కాలు జరిపాడు, ఆయన పక్కాయన, ఆ పక్కాయన, వరుసంతా జరిపింది. ఒక్క నాన్న తప్ప.

చిన్నాన్న ఆయన ముందుకు వచ్చాడు. నాన్న మొదటిసారి కళ్లు దించి తమ్ముణ్ణి చూశాడు.

"కాలు రావట్లేదురా" అన్నాడు.

నాన్న నోటివెంట అలాంటి మాట నేను పుట్టాక వినలేదు. మోకాల్లో కడ్డీ వేసినప్పుడు కూడా అనలేదు. తమ్ముడి ఆర్డరు వినాలనే ఉంది ఆయనకు, ఆ కాలు బిగుసుకుపోయి కదలడం లేదు, కాలు కదలకుండా కూర్చోవడం ఆయనకు చేతకాదు. చిన్నాన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాన్న ఎడమ బూటును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా పైకెత్తి, అడుగు దూరం పక్కకు జరిపి, మళ్లీ నేల మీద పెట్టాడు. మడమ సరిగ్గా ఆనిందో లేదో చూసి సర్దాడు. అప్పుడు నాన్న కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, ఒళ్లంతా వదిలేసి కుర్చీలోకి జారాడు. నేను ఆయన దవడ పట్టుకుని నాలుక కింద మాత్ర పెట్టాను. ఏడుస్తూ తిట్టాను, ఎవర్ని తిట్టానో నాకే తెలియదు.

ఎదురుగా మేజర్ తన వాళ్లను మళ్లీ అటెన్షన్‌లోకి తెచ్చి సెల్యూట్ చేయించాడు. రెండో సైరన్ తర్వాత చేయాల్సిందే అది, ఆలస్యమైనా చేశాడు. నలభై చేతులు లేచేసరికి చిన్నాన్న ఇంకా నాన్న కాళ్ల దగ్గర మోకాళ్ల మీదే ఉన్నాడు. పెద్దవాళ్లకు చేసే వందనానికి తాను అడ్డంగా ఉన్నానని కంగారుపడి పక్కకు జరగబోయాడు.

నాన్న చెయ్యి చాచి ఆయన భుజం పట్టుకున్నాడు. ఆ చేతిలో బలమేమీ లేదు, ఊరికే బరువుగా పడింది.

"కదలకు" అన్నాడు. "నీక్కూడా."

చిన్నాన్న కదల్లేదు. జనం కదిలారు, ఆంబులెన్స్ వచ్చింది, నేను స్ట్రెచర్ పట్టమని వాళ్లనూ వీళ్లనూ అరిచాను. నాన్నను ఎక్కించేటప్పుడు ఆ చెయ్యి భుజం మీదినుంచి తీయాల్సి వచ్చింది. తీయనివ్వలేదు. మా చిన్నాన్న వట్టికాళ్లతోనే ఆయన పక్కన నడుచుకుంటూ లోపలికి ఎక్కాడు.